పిడికిళ్ళ పద్దు

గుణుపురం చిన్న రైలు ఆగిపోయిన ఏడు
పట్టాలు పీకి లారీల కెత్తుతుంటే
కీమాన్ జెకర్యా, మా పెదనాన్న,
మూరెడు ముక్క ఒకటి అడిగి తెచ్చుకున్నాడు.
ముప్పయ్యేళ్ళు సుత్తితో తట్టి తట్టి
పగులెక్కడుందో చెవితో పట్టిన మనిషి.
ఆ ముక్కని మందిరం చూరుకి గొలుసేసి కట్టి
"ఇక్కడ మాత్రం పగుళ్ళుండవేటి?" అన్నాడట.

అన్నాడట అంటున్నాను.
అప్పటికి నేను లోపల లేను.

సంఘ పెద్ద అంటే మా పేటలో
ఆదివారం ముందు వరస కుర్చీ ఒక్కటే కాదు.
ఒడియా రాయలేనోళ్ళకి తాసిల్దారాఫీసులో నోరు,
కొండ దిగొచ్చిన సవరలకి సంతలో తక్కెడ మీద కన్ను,
పురిటికి జీపు, పీనుగకి నాలుగో భుజం.
సమాధుల దోవ కోసం పదకొండేళ్ళు
అదే గొడుగు, అదే అర్జీ నకలు.
"ఆజ్ఞా, మావోళ్ళు చచ్చి కూడా
గానుగోళ్ళ చేను గట్టు మీద ఒరిగి నడవాలా?"
గుమాస్తాలు మారారు, గొడుగు గుడ్డ రెండుసార్లు మారింది,
చివరికి నాలుగడుగులు వచ్చింది.
పెట్టె పడుతుంది.
మోసేవాళ్ళు మాత్రం
ఒక కాలు ఇంకా చేలోనే వెయ్యాలి.

ఆ అర్జీలు రాసిన చెయ్యే
నా పేరు కొట్టేసింది.
గాజుల కొట్టు బనమాలిని నేను చేసుకున్న వారం
సంఘం ముందు నిలబడి, అద్దాలు తుడుచుకుని,
"మా తమ్ముడి కూతురు రూతు" అని చదివి
ఎర్ర సిరాతో గీశాడు.
గీత తిన్నగా ఉంది. అదే గుర్తు నాకు.
చెయ్యి వణికుంటే క్షమించేదాన్నేమో.
ఆ పేరు పెట్టిందీ ఆయనే,
పరదేశం నుంచొచ్చిన కోడలి కథ
ఒళ్ళో కూచోబెట్టుకుని చెప్పిందీ ఆయనే.

తరవాత పంతొమ్మిదేళ్ళు
సంతలో ఎదురైతే చింతపండు ధర అడిగేవాడు.
బదులు వినకుండా నడిచిపోయేవాడు.

వంశధార ఇసకలో పుచ్చపాదులు ఎండేవేళ పోయాడు.
మూడో రోజు పెద్దమ్మ కబురెట్టింది.
ట్రంకు పెట్టెలో, తువ్వాలు కింద,
పిడికెడు బియ్యం పుస్తకం.
పొయ్యి మీదికి ఎసరెక్కిన ప్రతిసారీ
ఆడవాళ్ళు ఓ పిడికెడు పక్కన తీసి
నెలాఖరుకి మందిరంలో పోసే బియ్యం లెక్క.

మార్తమ్మ, మానెడు.
ఎస్తేరు, తవ్వెడు.
సలోమి, ఈ నెల లేదు, జ్వరం.
రూతు, సోలెడు.

పేజీ తిప్పాను. రూతు, సోలెడు.
వరదలొచ్చిన ఏడు అందరికీ సున్నాలు,
నాకు సోలెడు.
నేను గుమ్మమైనా తొక్కని పంతొమ్మిదేళ్ళూ
నీలం సిరాతో
నేను తప్పకుండా పోస్తూ వచ్చాను.

"తన కంచంలోంచే తీసీవోడే," అంది పెద్దమ్మ.
"ఏటిదని అడిగితే,
మనిషి తగ్గితే లెక్క తప్పుతాదనీవోడు."

ఏడవలేదు. లెక్క కట్టాను.
నెలకో సోలెడు, పంతొమ్మిదేళ్ళు,
ఇంచుమించు ఒక బస్తా.
అంత బరువు మొయ్యడం కన్నా
ఒక్క మాట తేలిక కదా పెదనాన్నా.
చింతపండు ధర చెప్పేదాకా
ఆగితే సరిపోయేది.

ఇంకొకటి చెప్పడం మరిచాను.
పెట్టెకి ఎడమ పక్క మోసిన వాళ్ళలో
బనమాలి ఉన్నాడు.
ఎవరూ పిలవలేదు, ఎవరూ ఆపలేదు.
ఒక కాలు దోవలో, ఒక కాలు చేలో వేస్తూ
చివరిదాకా నడిచాడు.

మొన్న ఆదివారం ఎవరో కుర్రాడు
చూరుకింద ఇనప ముక్కని సుత్తితో కొట్టాడు.
గుమ్మం బయట చెప్పులతో నిలబడి విన్నాను.
చాలాసేపు మోగింది.
పగులుందో లేదో చెప్పలేను,
నాకా చెవి లేదు.