తలకట్టు

మా నాయిన రాజలింగం
ఛత్తాబజార్ల బైండింగు పని చేసేటోడు.
చదివింది ఉర్దూ మీడియం, అదీ నాలుగో జమాత్ దాకా.
పొద్దంత తెలుగు పుస్తకాలు కుట్టేటోడు,
తెలుగుల ఒక్క అక్షరం రాదు.

దబ్బనం, దారం, మైదా లై,
పురుగు పట్టకుంట లైల కలిపే మైలతుత్తం.
రాత్రి అన్నం కలుపుకుంటుంటే గూడ
ఆయన గోర్ల సందుల ఆ నీలం కనవడేది.

ఒకనాడు సేటు
యాభై పుస్తకాల కట్ట ఆయన ముంగట పడేసిండంట.
పదహారో పేజీ కాడికెల్లి ఒక ఫారం మొత్తం తలకిందులు.
బొమ్మల్లేని ఫారం. అంకెలు గూడ సరిగ్గ అచ్చుపడలే.
ఏది మీదో ఏది కిందో ఆయనకెట్ల తెలుస్తది?
జీతంల కోసుకొని,
తక్కినయి రద్దీకేసి,
"ఇగో, ఇదొకటి నీ పిల్లలకియ్యి పో" అన్నడంట.

అట్లొచ్చింది మా ఇంట్లకు మొదటి పుస్తకం.
గంట పోగొట్టుకున్న మేకపిల్ల కథ.

మేకపిల్ల బావిలకు తొంగిచూస్తది.
సరిగ్గ ఆడనే అక్షరాలు తిరగబడ్తయి.
నేనూ అనసూయక్క అది తప్పనుకోలే,
బావిల లోకం గట్లనే ఉంటదనుకున్నం.
పుస్తకాన్ని గిర్రున తిప్పి
ఆ ఎనిమిది పేజీలు వెనకకెల్లి ముందుకు చదివి
మేకపిల్ల బయటికి రాంగనే మళ్ళ తిప్పేటోళ్ళం.
నాయిన నవ్వేటోడు:
"మా ఉర్దూ కితాబులు గిట్లనే మొదలైతయి బిడ్డా.
బావిల ఉన్నంత సేపు అది నా పుస్తకం."

తర్వాత ఇంకో తప్పు, ఇంకో కోత, ఇంకో పుస్తకం.
అమ్మ ఉప్పు డబ్బా అడుగు గీకేది,
మేము కొత్త అట్ట వాసన చూసేటోళ్ళం.
రెండేండ్లల్ల నాలుగు పుస్తకాలు.

రెండో తరగతిల ఒకనాటి రాత్రి,
కందిలి ముంగట, నేనే చెప్పిన:
"నాయినా, అక్షరం నెత్తిమీద చూడు,
తలకట్టు. నీ రుమాలు లెక్క.
రుమాలు ఎటుంటే అటే తల."

ఆయన కాయితం దగ్గరికి పట్టుకున్నడు.
నీలపు గోరుతోని ఒక్కొక్క తలకట్టు మీద
మెల్లగ రాసుకుంట పోయిండు.
ఒక లైను. ఇంకో లైను.
తర్వాత తన రుమాలు ముట్టుకొని చూసుకున్నడు.

మళ్ళ ఎన్నడూ ఫారం తిరగబడలే.
సేటు నెలకు రెండు రూపాయలు పెంచిండు.
ఆ సంతోషానికి గౌలిగూడ చమన్ల
మిర్చీలు కట్టించుకొచ్చిండు నాయిన.
నేను రెండు తిన్న.
పుస్తకాలెందుకొస్తలేవో సమజయ్యేసరికి
నాకు పదేండ్లు దాటినయి.

నాలుగిట్ల ఒకటి సాజిదా తమ్ముడు అడిగి తీస్కపోయిండు,
ఇల్లు మారిండ్రు, వాపస్ రాలే.
ఒకటి మైలతుత్తానికి గూడ బెదరని చెదలు తిన్నయి.
ఒకటి అనసూయక్క మనుమల కాడున్నది,
అడిగితే ఉన్నదనే అంటరు గని చూపియ్యరు.

మేకపిల్ల నా కాడనే ఉండిపోయింది.
నా కొడుకు దాని అట్ట కొరికిండు.
వాడే పెద్దయినంక టేపేసిండు,
ఆ టేపు పసుపుపచ్చగయ్యి ఊడితే ఇంకో టేపు.
నాయిన కుట్టిన దారం మాత్రం ఇంతదాకా తెగలే.
ఇప్పుడది నిజాంపేట్ల, ఐదో అంతస్తుల,
నా మనుమరాలు ఇందుజ మెత్త కింద ఉంటది.

మొన్న బడికెల్లి టీచరు ఫోన్ చేసింది.
"పాప ఏ పుస్తకమిచ్చినా మధ్యల
తలకిందులుగ తిప్పి పట్టుకుంటున్నది.
ఒకసారి కండ్లు చూపియ్యండి."

కోడలు గాబరపడి డాక్టరు కాడ టైమ్ తీస్కున్నది.
నేను పిల్లను వంటింట్లకు పిలిచి అడిగిన.
బిస్కెట్ చాయిల ముంచుకుంట అన్నది:
"చూశాను నాయినమ్మా. ఆ బుక్స్‌లో బావి లేదు."

బిస్కెట్ తెగి చాయిల పడ్డది.
చెంచా తెచ్చిచ్చిన.
రుమాలు సంగతి
దానికింకా చెప్పలే.