తలకింత

తనికీలో ఏటి సేస్తారో నాకేటి తెలుసు,
నాను జీపు తోలీవోణ్ణి.
పక్క సీట్లో ఆపీసరు గారు,
ఆయన ఒళ్లో ఖాకీ అట్ట రిజిస్టరు.
మార్చి ఎల్లకముందే
జిల్లాలో అనాథాశ్రమాలన్నీ సూసీసినట్టు
సంతకాలు పడిపోవాల.

పొద్దున్న పలాస.
గోడకి సున్నం ఇంకా ఆరలేదు,
ఈపులకి అంటుకుంటాదని
గుంటల్ని ఎండలో నిలబెట్టినారు.
తలకింతని గవర్నమెంటు గ్రాంటు.
ఆపీసరు గారు పెన్సిలు గాల్లో ఆడించి
అరవై రెండు తలకాయలు లెక్కెట్టినారు.
సివరోడికి ఏడెనిమిదేళ్లుంటాయి.
పిక్కలు కొట్టి కొట్టి
జీడి కారి నల్లగా కాలిన సేతులు.
ఆ సేతుల కోసం రిజిస్టర్లో గడి లేదు.
మేం బయల్దేరతంటే బానెట్టు మీద అరసెయ్యి ఆనించి
"ఎచ్చగున్నాది బాబూ" అన్నాడు.

కాశీబుగ్గ దాటినాక
ఎనకాల లారీ ఒకటి, హారను మీద హారను.
ఏటర్జెంటోనని పక్కకి తీసి దారిచ్చినాను.
టార్పాలిన్ కింద ఏటో మెదిలినాది.
మేకలనుకున్నాను.

మధ్యాన్నం టెక్కలి.
ఏరే బోర్డు, ఏరే సొసైటీ,
ప్రెసిడెంటు మాత్రం పలాసాయన బావమరిది.
ముందు బోజనం, పనసపొట్టు కూర, కోడి.
తరవాత వరస.
నాను జీపు నీడలో బీడీ ముట్టించినాను.
ఒక సెయ్యొచ్చి బానెట్టు మీద పడ్డాది.
నల్లటి సెయ్యి.
జుత్తు నిండా దారి దుమ్ము.
"ఇంకా ఎచ్చగే ఉన్నాది బాబూ"
అని, ఎవలో కేకేస్తే
వరసలోకి పరిగెట్టీసినాడు.
యాభై నాలుగోవోడు.

నరసన్నపేట దగ్గర సెప్పీసినాను.
ఆపీసరు గారు సెడ్డోరు కాదు.
మా ఆడదానికి కాన్పు కష్టమైతే
ఇదే జీపు ఇచ్చి పంపినారు.
సేనాసేపు ఏటీ అనలేదు.
మడపాం బ్రిడ్జి మీద అన్నారు:
"తవిటయ్యా, నువ్వు రోడ్డు చూడు."

రెండు రిజిస్టర్లలోనూ ఒకే మాట,
గుండ్రటి అచ్చరాలు:
సంతృప్తికరం.
ఎనక సీట్లో జీడిపప్పు డబ్బా ఆయనకి,
పేపర్లో కట్టిన పొట్లం నాకు.
ఇంటికి తీసికెళ్లినాను. మా గుంటలు తిన్నారు.
నానూ తిన్నాను.
అబద్దమెందుకు, బాగున్నాయి.

ఆడికి పలాసలో ఒక పేరు రాసుంటారు,
టెక్కలిలో ఇంకో పేరు.
ఏది పిలిస్తే పలికీవోడో
బానెట్టు దగ్గరే అడగాల్సింది.
నోట్లో బీడీ ఉండిపోనాది.