కాటా పుస్తకంలో లేని బరువు

నాది క్వారీ కాటా దగ్గర గుమాస్తా పని.
రాయి బరువు రాస్తా, లారీ నెంబరు రాస్తా.
చీమకుర్తిలో రాత్రిపూట కరెంటు పోతే
నా గదే అందరికీ చావడి.

ఒడిశా భగబాన్ మొదలుపెట్టాడొకసారి:
వాళ్ల వీరుణ్ణి పుట్టగానే బుట్టలో పెట్టి ఏట్లో వదిలేశారంట.
"మావాణ్ణీ అంతే," అన్నాడు మార్వాడం నుంచొచ్చిన మంగీలాల్,
"ఏరు లేదు గనక ఇసకలో వదిలారు. ఒంటె పాలిచ్చింది."
దిమ్మెలు ఎంచడానికొచ్చిన చైనా ఆయన
ఫోన్లో మాట మార్పించి చూపించాడు:
వాళ్లవాడికి కొంగలు రెక్కలు కప్పాయి.
నేను కనిగిరి పక్క మా తాత చెప్పిన గొర్రెలకాపరిని తీశాను.
వాణ్ణీ వాగే తెచ్చింది. ఎదురుపడి గెలవలేక
చుట్టమై వచ్చినోడు అన్నంలో కలిపాడు.
"చుట్టమే! ఎప్పుడూ చుట్టమే!" అన్నారు తలా ఒక యాసలో.
ఒకే దిమ్మెను పలకలుగా కోసినట్టు
ఎందులో చూసినా అదే నలుపు, అవే చుక్కలు.

మాల్యాద్రి కూడా ఉన్నాడారోజు,
మూలన, చెవిలో బీడీ పెట్టుకుని.
నవ్వాడు. కథేమీ చెప్పలేదు.

తొలకరికి ముందు మూడో బెంచీ మీద రాయి జారింది.
కింద నలుగురు. కేకేసింది మాల్యాద్రి.
నలుగురూ పక్కకు దూకారు.
కేకేసినోడికి దూకే టైము మిగల్లేదు.

నెల తిరక్కముందే రాయి బరువు పెరగడం మొదలైంది.
నా పుస్తకంలో ఇరవైరెండు టన్నులు.
టీ కొట్టుకాడ నలభై. ఒంగోలు బస్సులో వంద.
వీపు ఆనించి నిలబెట్టాడంట, అందరూ బయటపడిందాకా.
"నేను చూశా," అన్నాడు ఆ నలుగురిలో ఒకడైన భగబాన్.
అబద్ధమాడేవాడి ముఖం కాదది.
దసరాకల్లా వాడి పుట్టుక తుపాను రాత్రిలోకి జరిగింది.
గుండ్లకమ్మ పొంగిందట, తట్టలో బిడ్డ కొట్టుకొచ్చాడట.
రాయి కూడా ఊరికే జారలేదు,
సొంత బావమరిదే ఇనపతాడు తెంపాడు.

ఆ బావమరిది పిచ్చయ్య
ఆ పూట కందుకూరులో పన్ను పీకించుకుంటున్నాడు.
చీటీ చూపించాడు. ఎవరూ చదవలేదు.
టీ కొట్టుకు రావడం మానేశాడు.

నష్టపరిహారం కాగితాల కోసం వాళ్లమ్మ అంకమ్మ వచ్చింది.
వేలిముద్ర తుడుచుకుంటా అంది:
"పొదిలి సర్కారాసుపత్రిలో కన్నానయ్యా వాణ్ణి,
మంగళవారం, మిట్టమధ్యాన్నం. నర్సమ్మ కసిరింది.
వరదా పాడా, ఆ ఏడు తాగను నీళ్లు లేవు.
ఏట్లో కొట్టుకొచ్చినోడైతే
నేను పడ్డ నొప్పులు ఎవరియి?"
నా దగ్గర జవాబు లేదు. ముద్ర వేసిన చోట రబ్బరు స్టాంపు కొట్టాను.

కుర్రాళ్లు చెక్కు పలకొకటి తెచ్చి
కత్తి చెక్కారు, మీసం చెక్కారు, గుర్రం చెక్కారు.
మాల్యాద్రికి మీసం రాలేదు.
ఉన్నది టీవీయస్ బండి, దానికింకా ఆరు కంతులు బాకీ.
పలకను కాటా మీదికెక్కించాను: నూటఎనభై కిలోలు.
బిల్లు రాయలేదు.

అంకమ్మ కొంగుతో రాతి మీద దుమ్ము తుడిచింది,
ముందు ముఖం, తర్వాత ఆ లేని మీసం.
మనవడు వేలు పెట్టి చూపించాడు,
"జేజీ, ఈ గుర్రం మా నాయనదేనా?"

ఆమె నా వంక చూసింది.
నేను పుస్తకం మూశాను.

"ఎండనబడి వచ్చింది గదరా," అంది,
"పో, ఆ బక్కెట్టుతో దానికి కాసిని నీళ్లు పెట్టు."