పడుకుంటేనే

థెల్మా గోటుబెడ్.
ఆ ఇంటిపేరు విడదీస్తే వాళ్ల భాషలో "పోయి పడుకో" అని.
చిత్తడి ఎండగట్టిన ఆ నల్లనేలల్లో
నాలుగూళ్లకి ఒకరైనా ఉంటారు ఆ పేరువాళ్లు.
అక్కడెవరూ నవ్వరు.
అద్దెకి దిగినవాళ్లే నవ్వుతారు,
మంచాలు అద్దెకిచ్చే మనిషికి అంతకన్నా మంచి పేరేముందని.

ఈలీ పట్నానికి మూడు మైళ్లు.
ఒకప్పుడు మొగుడు పందుల్ని పెంచిన కొట్టం,
ఇప్పుడు ఇద్దరికి సరిపడే సెలవుల ఇల్లు.
వంట మీదే. దుప్పట్లు మావి.
శనివారం పదింటికి ఒకరు ఖాళీ చేస్తారు,
నాలుగింటికి ఇంకొకరు దిగుతారు.
మధ్యలో ఆ ఆరు గంటలూ
థెల్మా, ఒక బకెట్టు, రేడియోలో క్రికెట్టు.

వెళ్లినవాళ్లు వదిలిపోతారు
ఒంటి మేజోడు,
అడుగంటిన జాం సీసా,
ఫ్రిజ్ తలుపులో ఎండిన సగం నిమ్మకాయ.
ఉప్పు మాత్రం ఎవరికి వారే కొంటారు.
అల్మారాలో ఇప్పుడు ఏడు ఉప్పు డబ్బాలు.

అతిథుల పుస్తకంలో పదకొండేళ్ల చేతిరాతలు.
లెస్టర్ దంపతులు: "పడక మీంచి ఆ దృశ్యం! మాటల్లేవు."
సైకిల్ మీద వచ్చిన డచ్చి ముసలాయన:
"ఊరంతా తిరిగాను. మంచం మీంచి చూసిందే మేలు."
పేరు రాయని ఒకరు: "కత్తులు మొద్దు."
థెల్మా పెదవి విరిచేది.
దుప్పటి మార్చిన ప్రతిసారీ ఆ కిటికీలోంచి చూసింది కదా తను.
చూరు కిందికి వంగిన చిన్న కిటికీ,
అందులో చక్కెరదుంపల మడి, కాలవ గట్టు, అంతే.
దుంపల్ని చూస్తే మనుషులకి మాటలెందుకు పోతాయి?
పొగడ్త అనుకుంది. చదువుకున్నవాళ్ల పొగడ్త.

నవంబరులో ఆమె ఇంట్లో బాయిలర్ చచ్చింది.
మంగళవారం దాకా కుదరదన్నాడు మెకానిక్కు.
కొట్టంలో ఎలాగూ ఎవరూ లేరు.
పూలకుండీ కింద తాళంచెవి తనే తీసుకుని
తను రాసి అతికించిన కాగితం
గుమ్మంలో నిలబడి చదివింది:
"దయచేసి బూట్లు ఇక్కడే విప్పండి."
విప్పింది.
"నల్ల డబ్బా ఒక వారం, నీలం డబ్బా ఒక వారం."
తలూపింది.
వచ్చినవాళ్లకి ఆరు గుడ్లు పెట్టే బుట్టలో
తనకని రెండే పెట్టుకుంది.
ఉల్లిపాయ కోయబోతే
కత్తి తొక్క మీద జారింది.
ఇంకొకటి తీసింది. అదీ అంతే.

తొమ్మిదింటికి,
పదకొండేళ్లుగా మడత నలగకుండా పరిచిన ఆ పక్క మీద
మొదటిసారి నడుం వాల్చింది.

దుంపలు కిటికీలోంచి కిందికి జారిపోయాయి.
మడి పోయింది. గట్టు పోయింది.
చూరు కింద మిగిలిన జానెడు చీకట్లో
కెథడ్రల్.
ఎనిమిది పలకల బురుజు, దీపాలతో సహా.

పుట్టినప్పట్నుంచీ చూస్తున్నదే.
బస్సులోంచి, పళ్ల డాక్టరు మెట్ల మీంచి,
మొగుడి శవపేటిక వెనక నడుస్తూ.
పడుకుని మాత్రం ఎప్పుడూ చూడలేదు.

దీపాలు ఎప్పుడో ఆర్పేశారు.
అది ఉన్న చోటుకేసే చూస్తూ ఉండిపోయింది
చాలాసేపు.

పొద్దున్నే దుప్పట్లు తీసేసి, బకెట్టు నింపి,
పుస్తకం తెరిచింది. పెన్ను రాయలేదు, గీకింది.
తేదీ వేసి ఒక్క లైను:
"కత్తులు మొద్దు. నిజమే."
కింద సంతకం చేస్తూ
ఇంటిపేరు దగ్గర చెయ్యి ఆగింది.
అప్పుడొచ్చింది నవ్వు,
డెబ్బై ఒకటో ఏట.

కళ్లు తుడుచుకుని
ఆరు కత్తుల్నీ తువ్వాల్లో చుట్టి
సానరాయి వెతకడానికి షెడ్డు వైపు నడిచింది,
బూట్లు గుమ్మం దగ్గరే మర్చిపోయి.