ఇరవై ఎనిమిదో రోజు

మునుపు నా పని ఉదయం ఏడింటికే మొదలయ్యేది.
ట్రే పట్టుకుని ప్రసూతి వార్డంతా తిరిగేదాన్ని.
పొత్తిళ్లలోంచి ఎడమచేయి ఒక్కటే బయటికి తీసి,
ఉల్లిపొర లోతున సూది వాల్చి
మినపగింజంత తెల్లటి బొబ్బ లేపేదాన్ని.
బిడ్డ ఏడుపు లంకించుకునేలోగా
పక్క మంచం దగ్గరుండేదాన్ని.
తల్లులు నా పేరు అడిగేవారు కాదు.
కుట్ల నొప్పిలో ఎవరు అడుగుతారు?
క్షయ ఇక వీళ్ల జోలికి రాదులే అనుకుంటూ
మధ్యాహ్నానికి చేతులు కడిగేసుకునేదాన్ని.

ఒక సెప్టెంబరులో కాగితం వచ్చింది.
పుట్టగానే వద్దు, ఇరవై ఎనిమిది రోజులు ఆగండి.
ఐదోనాడు మడమ గుచ్చి
అట్టమీద అద్దిన నెత్తుటి చుక్కలు
ల్యాబులో ఏం చెబుతాయో విని, అప్పుడు.

నేను గొణిగాను. నిజం చెప్పాలి, గట్టిగానే గొణిగాను.
ఈస్ట్ లండన్‌లో ఇరవై ఎనిమిది రోజులంటే మాటలా?
నెలకి రెండు గదులు మారతారిక్కడ,
ఫోన్ నంబరు పాత చలికోటులా చేతులు మారుతుంది.
కళ్లెదుట మంచంమీదున్న బిడ్డని వదిలేసి
ఊరంతా వెతుక్కోమంటారా?

డిలిస్ టీ కప్పు కింద పెట్టింది.
ఒక్క పేరే అంది: "టైమన్."
తర్వాత బిస్కెట్ల డబ్బా మూత బిగించింది,
అది బిగించే ఉంది.

టైమన్ లోపల కాపలా లేకుండా పుట్టాడు.
బయటికి అందరిలాంటివాడే,
ముద్దుగా, కాస్త పసుపుగా, ఆకలిగా.
మందులో ఉండేది మచ్చికైన జీవే.
కాపలా లేని ఇంట్లో అదే ఎదిగింది.
చంక కింద గడ్డ, ఆపైన ఊపిరితిత్తి, ఆపైన ఎముక.
రెండోరోజే వేశారు వాడికి టీకా.
రికార్డులో సంతకం ఉంది.
లుజ్విమిండా, కింద గీత, తేదీ.
నా సంతకమే.

మర్చిపోలేదు నేను.
మర్చిపోయిన మనిషిలా గొణిగానంతే.

సెనైత్ కొడుకు ఫిల్మోన్ చుక్కలు మంచిమాటే చెప్పాయి.
ఇరవై ఎనిమిదో రోజు మంగళవారం.
కుర్చీ ఖాళీగా ఉంది.
ఆ తర్వాతి మంగళవారం కూడా.
హోటల్ రిసెప్షన్‌లో కుర్రాడు తల ఎత్తకుండా
"ఖాళీ చేశారు" అన్నాడు.
ఎక్కడికి?
భుజాలు ఎగరేశాడు.
ఎరిత్రియా వాళ్ల చర్చిలో కొవ్వొత్తులమ్మే ముసలామె
ఉత్తరం కవరు వెనక వీధి పేరు రాసిచ్చింది,
అందులో సగం వానకి చెరిగింది.

నలభై ఏడోరోజు దొరికారు,
డాగెనమ్‌లో, చేపల దుకాణం మీది గదిలో.
సెనైత్ తలుపు కొంచెమే తెరిచింది.
నేను కార్డు చూపలేదు, చలిలో కోటు విప్పి
ఎడమ భుజం చూపించాను.
ఇలోయిలోలో వేసిన మచ్చ, చిన్న నాణెమంత.
ఆమె కాసేపు చూసింది.
తన చొక్కా చేయి పైకి మడిచింది.
అస్మరా నాణెం.

ఇరవైమందికి సరిపోయే సీసా
ఒక్కడికోసం తెరిచాను.
మిగతాది నాలుగు గంటల్లో పారబోయాలి,
సోమవారం లెక్క అడుగుతారు, చెబుతాను.

కానీ ఇది ఎవరూ చెప్పలేదు నాకు:
రెండోరోజు బిడ్డ ఎవరినీ చూడడు,
వాడికింకా నేనూ గోడా ఒకటే.
నలభై ఏడోరోజు ఫిల్మోన్ నన్ను చూశాడు.
బోసినోరు విప్పి నవ్వాడు.
నవ్వు ఆరకముందే సూది వాల్చాను.
ఏడవడానికి ముందు ఒక్క క్షణం
అడిగాడు వాడు కళ్లతో, ఎందుకని.

జవాబు చెప్పాలనే ఉంది.
బొబ్బ లేచింది. తల్లి పాలకి తీసుకుంది.
కింద ఎవరో చేపలు తోముతున్నారు.

సంచిలో ఇంకా ముగ్గురి పేర్లున్నాయి,
పెన్సిల్‌తో రాసినవి.
ఒకరి చిరునామా పక్కన ప్రశ్నార్థకం.
బస్సు వస్తోంది.