ఊఁ

మొదటి క్లాసులో హైమవతి మేడం
మాకు పుస్తకం ఇవ్వలేదు.
"అవతలివాడు ఏం తెచ్చినా కాదనకు.
పుచ్చుకో. దాని మీద ఇంకొకటి పెట్టు.
సిలబస్ ఇంతే" అంది.

రెండేళ్ళ కోర్సుకి ఇంత చిన్న వాక్యమా అని
నోట్సులో దాని కింద రెండు గీతలు గీశాను.
కంచరపాలెం హైస్కూల్లో ఏకపాత్రాభినయానికి
మూడు కప్పులు గెలిచినదాన్ని.
కంఠతా పట్టింది తప్ప ఇంకేదీ
నా నోట్లోంచి ఎప్పుడూ బయటికి రాలేదు.

జోయెల్ ఖాళీ కుర్చీని స్కూటర్ చేసి
సిరిపురం జంక్షన్లో ఇరుక్కుపోయేవాడు.
ఫర్హానా వెనకెక్కి కూర్చుని
ముందు పెట్రోలు బాకీ తీర్చమనేది.
నా వంతొచ్చినప్పుడు
"ఇది కుర్చీ కదా" అన్నాను.
క్లాసంతా నవ్వింది.
మేడం నవ్వలేదు.
"అవును, కుర్చీయే. సరే, అక్కణ్ణుంచి కానీ."

రెండో ఏడు, మంగళవారాలు, పెదవాల్తేరు ఆసుపత్రి.
ఎనిమిది మంది, గుండ్రంగా ప్లాస్టిక్ కుర్చీలు,
గోడ మీద మందుల వేళల చార్టు.
లేని బంతిని ఒకరి నుంచి ఒకరికి విసురుకుంటాం.
ఒకావిడ దాన్ని కొంగున ముడేసుకుని
తిరిగివ్వనంది.
రిపోర్టులో ఆ సంగతి రాయడానికి
గడి లేదు.

గరికిన ఎల్లాజీ బంతి పట్టుకోడు.
జాలారిపేట మనిషి.
పద్నాలుగు నెలలుగా ఎవరితోనూ మాట్లాడలేదని
ఫైల్లో ఉంది. ఎందుకో కూడా ఉంది.
అదిక్కడ రాయను.
ఫైలు అతనిది, ఈ కవిత మాత్రమే నాది.

ఐదో మంగళవారం. బయట ముసురు. కరెంటు లేదు.
అతను లేచాడు.
రెండు చేతులూ ముందుకు చాచి
దేన్నో పట్టుకుని లాగడం మొదలెట్టాడు,
మడమలు గచ్చులోకి దిగేస్తున్నట్టు,
మెడ నరాలు ఉబ్బేట్టు.
అది అలివి వల తాడని తెలియడానికి
నాకు నాలుగు లాగుళ్ళు పట్టింది.

చదివిన పాఠాలన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి,
అంటే ఏదీ గుర్తు రాలేదు.
వెళ్ళి అతని వెనక నిలబడి తాడందుకున్నాను.
బరువుగా ఉంది.
నమ్మండి మానండి, బరువుగా ఉంది.

అతను వెనక్కి తిరిగి నా చేతులకేసి చూశాడు.
"అలక్కాదే గుంటా. మెలేసి అట్టుకో.
సెయ్యి కోసుకుపోగల్దు."

పద్నాలుగు నెలల తర్వాత
ఒక మనిషి పలికిన మొదటి మాట
నాకు పెట్టిన చీవాట్లు.
బదులుగా నా దగ్గరున్నది ఒక్కటే.
"ఊఁ" అన్నాను.

లోకోషెడ్ క్వార్టర్స్ మేడ మీద
మా బంగారత్త కథ చెప్పేటప్పుడు
ఊ కొట్టడం మానేస్తే ఆగిపోయేది.
"పడుకున్నావా? అయితే ఈ రాత్రికి
రాజుగారు నూతిలోనే ఉంటాడు" అనేది.
ఆయన్ని పైకి తేవడానికి
నిద్రని ఆపుకుంటూ ఊఁ, ఊఁ అనేదాన్ని.
హైమవతి మేడం వాక్యం
అప్పటికే నాకొచ్చన్నమాట.

లాగుతూనే ఉన్నాం.
"ఏటిది, టీలు సల్లారిపోతన్నాయి" అన్నాడు అటెండరు.
"కాసాగు" అన్నాడు ఎల్లాజీ. రెండో మాట.
మూడోది లేదు.
నాలుగింటికి మాత్రల బండి వచ్చింది.
వల రాలేదు.

సగంలో ఉన్న వలని ఎలా వదిలేస్తారు?
తాడు కొస తీసుకెళ్ళి
కిటికీ ఊచకి కట్టాను.
అతను చూస్తూ ఉన్నాడు. ఏమీ అనలేదు.

బస్టాపులో అరచేతులు చూసుకున్నాను.
గీత గానీ కందడం గానీ ఏమీ లేవు.
రెండుసార్లు చూసుకున్నాను.

రిపోర్టులో 'ఫలితం' అన్న గడిలో
'కిటికీ ఊచకి కట్టి ఉంది' అని రాశాను.
మార్కులు పోతాయనే అనుకున్నాను.
గురువారం కాగితం తిరిగొచ్చింది.
పక్కన మేడం ఎర్ర సిరాతో అడిగింది:
"ముడి గట్టిగా వేశావా?
ఈ వారం పోటు ఎక్కువ."