నలభై కోట్లు

గాల్వేలో వాన వెలిసిందనుకుంటాం గానీ
గొడుగు మర్చిపోయినవాళ్ళని వెతుక్కుంటూ తిరిగొస్తుంది.
కాలవ పక్క మా ల్యాబులో
పదహారు గాజు గొట్టాలు, ఉప్పునీళ్ళు,
ఒక్కో దాంట్లో రబ్బరు రెక్కల్ని పట్టుకుని
మేం చేసిన ఒక్కో క్లిప్పు.
నలభై కోట్లసార్లు కొట్టుకుంటే
మనిషికి పదేళ్ళ లెక్క.
యంత్రం ఆ పదేళ్ళని
పది నెలల్లో నడిపించేస్తుంది, నిద్రపోకుండా.

ఫెస్టీ మలోయ్ నాకు మొదట చప్పుడుగా తెలుసు.
ఆస్పత్రివాళ్ళు పంపిన రికార్డింగులో
లబ్‌కీ డబ్‌కీ మధ్య
చిల్లు కుండలో నీళ్ళు పోస్తున్నట్టు సర్రుమని ఈల.
ఎనభై మూడేళ్ళు. అరవై గొర్రెలు.
గుండె ముందుకి తోసిన నెత్తురు
సగం వెనక్కొచ్చి ఊపిరితిత్తుల మీద పడుతోంది.
పడుకుంటే మునిగిపోతున్నట్టుంటుందట,
రెండేళ్ళుగా కుర్చీలోనే నిద్ర,
కాళ్ళ మీద కుక్క.

రొమ్ము కోస్తే తట్టుకోడన్నారు.
తొడ మొదట్లో చిటికెనవేలు దూరేంత కన్నం,
అక్కణ్నించి సిర వెంబడి పైకి,
గుండె కొట్టుకుంటుండగానే
దాని తలుపు రెక్కలు రెండూ కలిపి పట్టాలి.
ఆ దారిన పట్టేది ఏదైనా గీయమన్నారు.

గీశాను. పదమూడుసార్లు.
మంచునీళ్ళలో నైటినాల్ తీగ
చెప్పినట్టల్లా ముడుచుకుంటుంది,
ఒంటి వేడి తగలగానే
తన అసలు రూపం గుర్తు తెచ్చుకుంటుంది.
మా మేనత్త ఒకావిడ అచ్చం ఇంతే.

పంది గుండెలు గురువారం వస్తాయి,
కసాయి డెక్లన్ బకెట్లో, పైన ఐసు కప్పుకుని.
మెత్తగా పట్టినవి జారాయి.
గట్టిగా పట్టినవి చింపాయి.
రెక్కంటే ఏముంది, తడిసిన ఉల్లిపొర.
పదమూడోది సగం రెక్కని ఊడబెరుక్కుని
నా చేతికొచ్చిన సాయంత్రం
బకెట్ కడిగేసి కాలవ గట్టున కూచున్నాను.
పాత లాకు తలుపుల సందుల్లోంచి నీళ్ళు చిమ్ముతున్నాయి,
మా తాతకి తాత కాలంనించీ అంతే.
కాలవకేం కాలేదు.
కొంచెం కారొచ్చన్నమాట.
ఎంత కొంచెం?

డెలియా మా దగ్గర కుట్టుపని చేస్తుంది,
మైక్రోస్కోపు కింద, వెంట్రుకలో సగం దారంతో.
అంతకుముందు ముప్పయ్యేళ్ళు వలలు బాగుచేసింది.
నా క్లిప్పు తిప్పి తిప్పి చూసి
"ముయిరిన్, నువ్వు పోలీసుని చేశావు" అంది.
"అల వచ్చినప్పుడు ముడి కాస్త లొంగాలి.
లేకపోతే పోయేది చేప కాదు, వల."
పళ్ళు అరగదీశాం. పట్టుచోట గుడ్డ చుట్టింది,
ముప్పయ్యెనిమిది కుట్లు,
ఒక్కటి మాత్రం వదులుగా, కావాలనే.
ఎందుకో చెప్పలేదు.
నేను దాన్ని కొలిచి, డ్రాయింగులో
టాలరెన్స్ అని రాసుకున్నాను.

వేరే దారి లేనివాళ్ళకే, అని
కమిటీ సంతకం పెట్టిన కాయితం మీద
పద్నాలుగోది ఫెస్టీ లోపలికి వెళ్ళింది.
అద్దం వెనక నించుని చూశాను.
తెర మీద వెనక్కి ఎగజిమ్మే రంగుమంట
ఒక్క పట్టుకి దీపం వత్తంతైంది.
ఆరలేదు.
ఇంకోసారి పట్టమంటారేమో అనుకున్నాను.
డాక్టర్ ఓర్లా కాసేపు చూసి, చాలు అంది.

మూడో వారం ఫోన్ చేశాడు:
"మంచం మీదే పడుకుంటున్నా.
కుక్క ఇంకా కుర్చీ దగ్గరే కూచుని
నా కాళ్ళకోసం చూస్తోంది."

నిన్న తొమ్మిదో గొట్టంలో ఫ్రేము విరిగింది.
ముప్పయ్యొక్క కోట్ల దగ్గర.
ఎనిమిదేళ్ళు నిండవు.
ఫోన్లో చెప్పే మాట కాదని
వాన్లో కొండదారి పట్టి వెళ్ళాను.
వేళ్ళు మడిచి లెక్కేశాడు: తొంభై దాటి తొమ్మిది నెలలు.
"నా గొర్రెలేవీ అంత బతకలేదు" అన్నాడు.
తర్వాత, టీ చల్లారాక,
"మిగతా పదిహేను?"
కొట్టుకుంటున్నాయన్నాను.

గేటు వేయడానికి గట్టెక్కి వెళ్ళాడు,
మధ్యలో ఎక్కడా ఆగకుండా.
నేను కార్లో కూచుని, కరెంటు బిల్లు వెనకవైపు
ఆ విరిగిన మూల మళ్ళీ గీస్తున్నాను,
ఈసారి కాస్త గుండ్రంగా.